సమస్యాపూరణం: ‘సెలవు లేనివాడె సెలవు నెరుగు’ – పూరణలు, చర్చ

నిర్వాహకుడు, రాయగడ

ఈసారి సమస్య ఆటవెలది చివరి పాదం. పై మూడు పాదాలు మీరు రాసి దీనితో అర్థవంతంగా ముగించాలి:

సెలవు లేనివాడె సెలవు నెరుగు

సెలవు లేనివాడికి సెలవు సంగతి ఎలా తెలుస్తుంది? చిక్కు అక్కడే ఉంది. దాన్ని విప్పాలి.

ఈ సమస్య ఇప్పుడు ఇవ్వడానికి కారణముంది. జూన్ మధ్యకు వచ్చాం, ఒడియా వాళ్ళ మూడు రోజుల రజ పండుగ దగ్గర పడింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం, జయపురం అన్నీ ఇటువైపే ఉండిపోయాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆఫీసు గోడ మీద ఒడిశా సెలవుల జాబితా. రజకు సెలవు దొరుకుతుంది. భోగికీ కనుమకీ మాత్రం అర్జీ పెట్టుకోవాలి. పర్లాకిమిడి నుంచి ఆంధ్రలోని పాతపట్నం ఎంత దూరం? అక్కడ ఊరంతా పండుగలో ఉంటే ఇక్కడ మనం హాజరు పట్టీలో సంతకం పెడుతుంటాం. అందుకే ఈ మాట మన ప్రాంతం వాళ్ళు పూరిస్తే వినాలని ఉంది.

నియమాలు తెలిసినవే. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. ప్రతి పాదంలో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి, అంటే ధ్వని పొందిక, కుదరాలి. యతి బదులు ఆ రెండు గణాల రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా చెల్లుతుంది. సమస్య పాదంలో అక్షరం మార్చకూడదు. ప్రశ్నగా మార్చినా, ఎవరి నోటనైనా పెట్టినా అభ్యంతరం లేదు.

మిల్లు షిఫ్టు ఉద్యోగి, రాయగడ

రాత్రి షిఫ్టు ముగిసి రాగానె తెల్లారు,
పిల్ల లపుడు బడికి వెళ్ళుచుంద్రు;
కలసి కూరుచుండు గంటయే పండుగ;
సెలవు లేనివాడె సెలవు నెరుగు.

రిటైరైన తెలుగు మాస్టారు, పర్లాకిమిడి

బాబూ, పద్యం బాగుంది. ‘గంటయే పండుగ’ దగ్గర ప్రాణముంది. ఒక్క సందేహం. షిఫ్టు పనివాడికి వారానికో రోజు సెలవు ఉంటుంది కదా! మరి ‘సెలవు లేనివాడు’ ఎలా అయ్యాడు? అన్వయం చెప్పు.

మిల్లు షిఫ్టు ఉద్యోగి, రాయగడ

వారానికో సెలవు ఉంది మాస్టారూ. నాకు అది మంగళవారం వస్తే పిల్లలు బడిలో, మా ఆవిడ కుట్టుపనిలో. ఇంట్లో నేనొక్కణ్ణే. వాళ్ళకు ఆదివారం ఖాళీ అయితే నేను డ్యూటీలో. సెలవు రోజు ఉంది, అందరికీ కలిసొచ్చే రోజు లేదు. ఆ లేనితనమే పద్యంలో పెట్టాను.

పాత యూనియన్ కార్యకర్త, తెరుబలి

మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. మేం పనిచేసిన కాలమంతా 1948 ఫ్యాక్టరీల చట్టమే మాకు ఆధారం. దాని ప్రకారం వారంలో ఒక రోజు సెలవు ఇవ్వాల్సి ఉండేది. ఆ రోజు పని చేయించుకుంటే బదులు సెలవు ఆ నెలలో గానీ, తరువాతి రెండు నెలల్లో గానీ ఇవ్వాల్సి వచ్చేది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి మరుసటి ఏడు ప్రతి 20 పనిరోజులకు ఒక రోజు జీతంతో సెలవు ఉండేది. ఇదంతా పోరాడి తెచ్చుకున్నది. కానీ ‘నీ సెలవూ నీ పిల్లల సెలవూ ఒకే రోజు పడాలి’ అని ఏ సెక్షనూ అనదు. తమ్ముడు చెప్పిన బాధ చట్టం ఎరగని బాధ. అన్వయం కుదిరింది.

గుణుపురం విద్యార్థి

చిన్న అనుమానం. రెండో పాదంలో ‘పిల్ల’కు ‘వెళ్ళు’ యతి ఎలా చెల్లింది? ప వేరు, వ వేరు కదా?

మాస్టారు, పర్లాకిమిడి

ప, ఫ, బ, భ, వ ఒకదానికొకటి యతి చెల్లుతాయి నాన్నా. అయితే హల్లు ఒక్కటే చూస్తే చాలదు, అచ్చు కూడా కలవాలి. ఇకారానికి ఎకారం మిత్రం. ‘పి’కి ‘వె’ అందుకే నిలిచింది.

రైతు, గజపతి జిల్లా

మూడు నాళ్ళు నేల ముట్టదు నాగలి,
ఊరు నిండ చెట్ల కూగు డోల;
ఏడు పొడవు చాలు నెద్దుతో నడచిన
సెలవు లేనివాడె సెలవు నెరుగు.

నిర్వాహకుడు

రజ గురించి తెలియని దూరపు పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. ఆ మూడు రోజులూ భూదేవి బహిష్టులో ఉంటుందని ఒడియా వాళ్ళ నమ్మకం. నాగలి కదపరు, మట్టి తవ్వరు. మర్రికీ మామిడికీ తాళ్ళు కట్టి ఉయ్యాలలు వేస్తారు. బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి కలిపి సన్నటి సెగ మీద రాత్రంతా కాల్చిన పోడపిఠా ఇల్లిల్లూ తిరుగుతుంది. నాలుగో రోజు వసుమతి స్నానం. ఇంట్లో నూరుడు రాయిని భూదేవిగా ఎంచి పసుపు రాసి నీళ్ళు పోస్తారు, సిందూరం పెట్టి పూలు పెడతారు.

నన్ను కదిలించింది ఇంకో సంగతి. రజ వచ్చేది సరిగ్గా తొలకరి వేళ. వాన పడి నేల మెత్తబడితే ఏ రైతుకైనా చేతులు నాగలి వైపే పోతాయి. అదును దాటితే ఎవరూ తెచ్చివ్వరు. అటువంటి వేళ నాగలి ఆపడమంటే పని లేక కూర్చోవడం కాదు, పని ఎదురుగా నిలబడి పిలుస్తుంటే నేల కోసం ఆగడం. మూడో పాదం ఆ బరువును మోసింది. ‘ఏడు పొడవు’ అన్నది తీసేస్తే పద్యం నిలబడదు.

మాస్టారు, పర్లాకిమిడి

‘చాలున (నాగటి చాలులో) + ఎద్దుతో’ సంధి, ఏ–ఎ యతి రెండూ శుద్ధం. ‘చెట్లకు + ఊగు’ కలిసి ‘చెట్ల కూగు’ అయింది కనుక ఊకారానికి ఊకారమే యతి. ‘డోల’ బదులు ‘ఉయ్యాల’ అని ఉంటే ఇంకా మనదిగా ఉండేది, గణం ఒప్పుకోదు. ఉన్నదే మేలు.

గృహిణి, పర్లాకిమిడి

రజ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. మా వీధిలో ఒడియా ఆడపిల్లలు ఆ మూడు రోజులూ పొయ్యి దగ్గరకు పోరు, చీపురు పట్టరు. కొత్త బట్టలు కట్టుకొని ఉయ్యాల ఊగుతారు. మన సంక్రాంతి మూడు రోజులూ తలుచుకోండి. భోగి తెల్లారుజామున లేచినది మొదలు కనుమ గారెల దాకా ఆడది పొయ్యి ముందే. మగవాళ్ళకు సెలవు, మాకు పని రెట్టింపు. ఈ సమస్య చదవగానే నాకు తోచింది ఆడవాళ్ళ సంగతే. కానీ పాదంలో ‘వాడె’ ఉంది! మార్చవద్దన్నారు. అందుకని ఇలా పూరించాను:

అమ్మ యూరి కేగ నాదివారము నాడు
వంటయింట నాన్న వడలి పోయె;
గిన్నె తోమి తోమి యన్నాడు రాత్రికి:
“సెలవు లేనివాడె సెలవు నెరుగు.”

గుణుపురం విద్యార్థి

అక్కా, మూడో పాదంలో ‘గి’కి ‘య’ యతి కుదరలేదేమో?

మాస్టారు, పర్లాకిమిడి

అక్కడ ఉన్నది ప్రాసయతి. మొదటి గణంలో రెండో అక్షరం ‘న్నె’, నాలుగో గణంలో రెండో అక్షరం ‘న్నా’. రెండు చోట్లా ముందున్నవి గురువులే. ఆటవెలదికి ఇది పూర్తిగా సమ్మతం.

అమ్మా, ‘వాడె’ అనే పుంలింగం మీకు అడ్డుగోడ. దాన్ని తీసుకెళ్ళి నాన్న నోట పెట్టారు. ఒక్క ఆదివారం వంటింట్లో నిలబడ్డ మనిషి తన గురించి తాను అన్నాడు, విన్నవాడికి మాత్రం ఊరెళ్ళిన అమ్మ గుర్తొస్తుంది. ఆమె పేరెత్తకుండా ఆమె కథంతా చెప్పారు. వక్తను మార్చి సమస్యను విప్పడమంటే ఇదే. అష్టావధానంలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు కోరుకునేది ఇటువంటి విరుపునే.

రైతు, గజపతి జిల్లా

నా పద్యంలో ఉయ్యాల ఉంది, ఎవరు ఊగారో చెప్పలేదు. మీ మాట చదివాక ఆ ఉయ్యాల కొత్తగా కనిపిస్తోంది తల్లీ.

పాత యూనియన్ కార్యకర్త, తెరుబలి

నాదొకటి. బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు సాధించిన నారాయణ్ మేఘాజీ లోఖండే గురించి. మిల్లు యజమానులు ఒప్పుకున్నది 1890లో. 2005లో తపాలా శాఖ ఆయన స్టాంపు వేసింది.

వారమెల్ల మిల్లు పనిచేయు కూలికై
ఆదివార మడిగి యతడు తెచ్చె;
లోన మంట తెలియు లోఖండె కానాడు;
సెలవు లేనివాడె సెలవు నెరుగు.

నిర్వాహకుడు

ఛందస్సు నిర్దోషం. ఆయన పేరు తెలుగు పద్యంలోకి తెచ్చినందుకు మీకు దండం. అన్వయం మాత్రం కొంత వదులు. మూడు పాదాలు లోఖండే మీద నడిచి, నాలుగోది కూలి మీదకు దూకింది. ఎరిగినవాడు ఎవరో తేలలేదు. మళ్ళీ ప్రయత్నించండి అన్నా, ఈ విషయం వదలదగ్గది కాదు.

ఐటీ ఉద్యోగిని, బరంపురం

నేను ఇంటి నుంచే పనిచేస్తాను. నా పూరణ:

ఇంటిలోనె పనియు నిచ్చటే సెలవాయె,
ఫోను మోగుచుండు భోజనమున;
మూత వేసినాను, మూతపడదు బుద్ధి;
సెలవు లేనివాడె సెలవు నెరుగు.

మాస్టారు, పర్లాకిమిడి

మూడో పాదం ఎంతో బాగుంది. ల్యాప్‌టాప్ మాట ఎత్తకుండానే దాని మూత కనిపించింది. కానీ అమ్మాయ్, నీ మూడు పాదాలు ఒక దారిన పోతుంటే సమస్య పాదం ఎదురు దారిన వస్తోంది. బుద్ధి మూతపడనివాడు సెలవును మరిచిపోతాడే గానీ ఎరగడు. అతికించినట్టుంది, అల్లినట్టు లేదు.

ఐటీ ఉద్యోగిని, బరంపురం

నాకు నిజంగా ఆ మాట మీద నమ్మకం లేదు మాస్టారూ. సెలవు దొరకనివాడికే దాని విలువ తెలుస్తుందని పైవాళ్ళు చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. ఏళ్ళ తరబడి దొరక్కపోతే ఖాళీగా కూర్చోవడం కూడా చేతకాదు. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ చెయ్యి ఫోన్ కోసం తడుముతుంది, టెన్షన్ ఎందుకో తెలియదు. అదే రాస్తాను:

ఇంటిలోనె పనియు నిచ్చటే సెలవాయె,
ఫోను మోగుచుండు భోజనమున;
మూతపడదు బుద్ధి, మోసమే యీమాట –
“సెలవు లేనివాడె సెలవు నెరుగు.”

నిర్వాహకుడు

ఇదీ పూరణ! సమస్యను ఒప్పుకొని విప్పడం ఒక పద్ధతి, ‘ఇది అబద్ధం’ అని ఎదురు నిలవడం ఇంకో పద్ధతి. ఒక్క ‘మోసమే యీమాట’తో పద్యం మొత్తం తిరగబడింది. నేనిచ్చిన పాదాన్ని ఖండించినందుకు సంతోషిస్తున్నాను, ఎందుకంటే ఆ పాదంలో నిజంగానే ఒక ప్రమాదముంది. సెలవు ఇవ్వనివాడు కూడా దాన్ని వాడుకోగలడు.

రిటైరైన మిల్లు ఉద్యోగి, రాయగడ

అమ్మాయి కోపం అర్థమైంది. నా అనుభవం అటు చివర ఉంది:

పదవి విరమణయ్యె, పగలెల్ల సెలవాయె,
ఆదివారమునకు నందమేది?
కూత విన్న చెవులు కోరు నా రోజులే;
సెలవు లేనివాడె సెలవు నెరుగు.

మాస్టారు, పర్లాకిమిడి

‘ఆదివారమునకు నందమేది’ – ఈ పాదం నాకు సొంతంగా తగిలింది, నేనూ రిటైరైనవాణ్ణే. ‘కూత’ అని మిల్లు సైరన్‌ను మనూళ్ళలో అనే మాటతోనే అన్నారు. మార్చవలసినది ఏమీ లేదు.

గుణుపురం విద్యార్థి

నేను ఒడియా మీడియంలో చదివాను. పద్యాలు తాతయ్య దగ్గర నేర్చుకున్నాను. మా అన్నయ్య కోరాపుట్ వైపు పనిచేస్తాడు, సంక్రాంతికి రాలేకపోయాడు. దాని మీద రాశాను:

భోగిమంట చూడ వెళ్ళలేని కొడుకు
కనుమ నాడు వచ్చె గంప యొకటి;
అరిసె విరిచి తినగ నమ్మయే తోచెను;
సెలవు లేనివాడె సెలవు నెరుగు.

మాస్టారు, పర్లాకిమిడి

నాన్నా, మొదటి పాదంలో రెండు మరమ్మతులు. ‘భో’కు ‘వె’ యతి నిలవదు. హల్లులు మిత్రాలే, అచ్చులు కావు. ఓకారానికి ఉ, ఊ, ఒ, ఓలే తోడు. రెండోది, గంప ఎవరికి వచ్చిందో విభక్తి చెప్పాలి. ఇలా చూడు:

భోగిమంట చూడ బోలేని కొడుకుకు

‘చూడన్ + పోలేని’ కలిస్తే పకారం బకారమవుతుంది. భో–బో యతి కుదిరింది, కొడుకుకు ‘కు’ వచ్చింది. మిగతా మూడు పాదాల్లో నేను వేలు పెట్టను. ‘అరిసె విరిచి తినగ’ దగ్గర నువ్వులంటిన వేళ్ళు కూడా కనిపించాయి నాకు.

నిర్వాహకుడు

సరిదిద్దిన పాదంతో ఆ పద్యాన్నే నేను ముందు నిలుపుతాను. కారణం చెబుతాను. సెలవు లేదన్న ఫిర్యాదు అందులో లేదు. సెలవు దొరికితే అన్నయ్యకు ఏం దక్కేదో అదంతా ఒక్క అరిసె ముక్కలో పెట్టాడు. ‘ఎరుగు’ అన్న క్రియకు ఇంత బరువు ఇచ్చిన పూరణ మరొకటి రాలేదు. పర్లాకిమిడి అమ్మగారిదీ, బరంపురం అమ్మాయిదీ సమస్యను విప్పిన తీరులో దీనికంటే నేర్పైనవి. ఆ మాట కూడా అనాలి.

ఒడియా బడిలో చదివిన కుర్రాడు ఆటవెలది రాశాడు. గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన పర్లాకిమిడి అతనికి ఎంతో దూరంలో లేదు. నౌపడా–గుణుపురం రైలు ఎక్కితే ఆ ఊరి మీదుగానే పోతుంది. బాబూ, ఈసారి ఆ దారిన వెళ్ళినప్పుడు మాస్టారింటికి వెళ్ళు. కందం నేర్చుకో.

మాస్టారు, పర్లాకిమిడి

తప్పకుండా రా. అన్నయ్యకు సెలవు దొరికితే అతన్నీ తీసుకురా.

గృహిణి, పర్లాకిమిడి

తరువాతి సమస్య నేనివ్వవచ్చా? ఇదీ ఆటవెలది పాదమే:

పనియె పండుగయ్యె బంధువులకు

నిర్వాహకుడు

తీసుకున్నాం అమ్మా. ప–బ యతి సరిపోయింది. పూరణలు రజ వెళ్ళాక పంపండి, వసుమతి స్నానం అయ్యేదాకా ఎవరినీ తొందరపెట్టను.