సామెతలు 21:1 – కాలువా? వాగా?

మెట్టపొలం: మా నాయనమ్మ రేడియోలో వార్తలు విని ఏ నాయకుడి మీద మండిపడ్డా "రాజు హృదయం యెహోవా చేతిలో వాగే" అని రేడియో కట్టేసేది. నా బైబిల్లో "నీటికాలువలవలె" అని, ఆ పైన "ఆయన తన చిత్తవృత్తి చొప్పున దాని త్రిప్పును" అని ఉంది. వాగు అన్న పాఠం ఎవరైనా చూశారా?

చిన్నక్షరం: చూడలేదు. వాగైతే అర్థమే చెడుతుంది. వాగు తన ఇష్టాన పోతుంది, కాలువకి తవ్వినవాడుంటాడు. హీబ్రూలో "పల్గే మాయిమ్", 1వ కీర్తనలో చెట్టు పక్కనున్నవీ అవే. నన్ను పీకేది ఆ "ల". హృదయం ఒకటి, కాలువలు బోలెడా?

తూముకాపరి: మూలంలోనే బహువచనం. నీళ్లు కట్టినవాళ్లకి ఇందులో వింత లేదు. నీరు ఒకటే, ఏ బోదెకి మళ్లిస్తే ఆ బోదెకి పోతుంది. అసలు పేచీ "త్రిప్పును" దగ్గర. మడవ తిప్పితే దారి మారుతుంది గాని బురద పోదు. పారసీక రాజు కోరెషుని యెషయా 45లో "అభిషేకించిన" వాడంటూనే "నీవు నన్ను ఎరుగకుండినప్పటికిని" అనలేదూ?

చిన్నక్షరం: మరి కీర్తన 119:36, "నా హృదయము త్రిప్పుము"? అదే ధాతువు. అక్కడ బురద పోవాలనేగా ప్రార్థన!

తూముకాపరి: అక్కడ భక్తుడు అడిగి తిప్పించుకుంటున్నాడు సార్. ఇక్కడ రాజు అడగలేదు, అతనికి తెలియను కూడా తెలియదు. యిర్మీయా 25:9లో బబులోను రాజు నెబుకద్రెజరు "నా సేవకుడు". యెరూషలేమును తగలబెట్టబోయేవాడు! ఆ పిలుపుతో మంచివాడైపోయాడా?

సీమమిరప: ధూర్జటి "రాజుల్ మత్తులు" అని ఎప్పుడో తేల్చేశాడు. అష్టదిగ్గజాల్లో ఒకడని చెప్పుకునే కవి ఆ మాట అన్నాడంటే కొలువు రుచి చూసే అని ఉండాలి.

చిన్నక్షరం: మత్తులంటే తాగుబోతులు కాదండోయ్. మదం ఎక్కినవాళ్లు.

సీమమిరప: తెలుసు. కానీ దానియేలు 5లో బబులోను రాజు బెల్షస్సరు దేవాలయపు పాత్రల్లో ద్రాక్షారసం పోయించుకున్నాడు. అతనికి రెండర్థాలూ సరిపోతాయి.

మెట్టపొలం: వాగు సంగతి?

తూముకాపరి: మీ నాయనమ్మగారి ఊళ్లో కాలువలున్నాయా?

మెట్టపొలం: ఒక్కటీ లేదు. వాగుకే అడ్డకట్ట వేసేవారు. ఏటా వానలకి కొట్టుకుపోయేది.

తూముకాపరి: అయితే పాఠభేదం కాదు, ఆవిడే ఊరికి తగ్గట్టు మార్చుకుని ఉంటారు.

చిన్నక్షరం: ఊహ. పాత ముద్రణలు చూడకుండా ఒప్పుకోను. ఇంతకీ "రాజుల్"లో ఆ పొల్లు శార్దూల ఛందస్సు కోసమే అనుకుంటున్నారా?

సీమమిరప: మొదలెట్టారూ...