అప్‌డేట్: గాలం కర్ర మీద ఎపాక్సీ గుంటలు, అసలు దొంగ సిరంజీ

సొంతంగా కట్టుకున్న గాలం కర్రకి గైడ్లని (గాలం తాడు వెళ్ళే రింగులు) పట్టి ఉంచే దారం చుట్ల మీద ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పూత) వేస్తే బుడగలు, చేపకళ్ళలాంటి గుంటలు వస్తున్నాయని పోయిన నెల అడిగాను. (గాలం కర్రకే చేపకళ్ళా అని మా ఆవిడ ఒకటే నవ్వు.)

గుంటలకి కారణం ఆ ద్రవాలు కొలవడానికి వాడిన మందుల షాపు సిరంజీ. దాని రబ్బరు బిరడాకి సిలికాన్ జిడ్డు రాసి ఉంటుంది. అది ఎపాక్సీలో కలిస్తే ఆ చోట పూత అంటుకోదు, చుట్టూ జరిగిపోతుంది. ఈసారి రబ్బరు లేని ప్లాస్టిక్ సిరంజీలు తెచ్చి రెసిన్‌కొకటి, హార్డెనర్‌కొకటి పెట్టుకున్నాను. పాత పూత గీకేసి, కొత్త దారం చుట్టి, దాన్ని చేత్తో తడమకుండా వేశాను. ఒక్క గుంట లేదు!

బుడగలు మాత్రం నా తొందరవల్లే. కాఫీ కలిపినట్టు గిరగిరా తిప్పేవాణ్ణి. ఇప్పుడు మూడు నిమిషాలు మెల్లగా కలిపి, అల్యూమినియం ఫాయిల్ మీద పల్చగా పోస్తే సగం బుడగలు వాటంతటవే పోతున్నాయి. మిగిలినవాటికి స్పిరిట్ దీపం సెగ దూరంనుంచి ఒక్క క్షణం చూపిస్తే చాలు.

పూత ఆరేలోపు ఒక పక్కకి కారకుండా కర్ర తిప్పడానికి పాడైన మైక్రోవేవ్‌లోంచి ప్లేటు తిప్పే మోటారు పీకాను. నిమిషానికి ఐదారు చుట్లు. రాత్రంతా తిరగనిచ్చాను, ఎక్కడా కారలేదు. పల్చగా రెండు కోట్లు, మధ్యలో ఒక రోజు గ్యాప్.

కొస గైడు దగ్గర కాస్త బొడిపె మిగిలింది. దాన్ని ముట్టుకోదల్చుకోలేదు.