హరాకిరికి తెలుగు మాట చెప్పండి, అర్జెంట్

తెల్లకాగితం:
పొద్దుటి నుంచి నిఘంటువులు తిరగేస్తూనే ఉన్నాను. అన్నింట్లోనూ 'ఆత్మహత్య' అనో, 'పొట్ట కోసుకుని చావడం' అనో ఉంది. రెండూ నా వాక్యంలో అతకడం లేదు. రాత్రికి అనువాదం ఇచ్చేయాలి. ఒక్క మాట చాలు.

చిన్నక్షరం:
వాక్యం పెట్టండి.

పాతసంచిక:
ముందు మాటను సరిగ్గా రాద్దాం. హ, ర, కి, రి నాలుగూ హ్రస్వాలే. మన పత్రికలు 'రా'కు పెట్టే దీర్ఘం జపనీస్‌లో లేదు. హర అంటే పొట్ట, కిరి అంటే కోత. లాంఛనంగా వాడే మాట సెప్పుకు. రెండింటిలోనూ అవే రెండు చిత్రాక్షరాలు. 'కోత' ముందు రాసి చైనా నుంచి వచ్చిన ఉచ్చారణలో చదివితే సెప్పుకు, 'పొట్ట' ముందు రాసి దేశి ఉచ్చారణలో చదివితే హరకిరి. మనకు ఉదరం, పొట్ట ఉన్నట్టే. సమురాయ్‌ యోధులకు విధించే శిక్షగా ఉన్న దీన్ని 1873లో రద్దు చేశారు. మామూలు ఆత్మహత్యకు అక్కడ జిసత్సు అనే వేరే మాట ఉంది. అందుకే ఉత్త 'ఆత్మహత్య' అని రాస్తే పరువు, శిక్ష అనే అర్థాలు రెండూ ఎగిరిపోతాయి.

క్రీజుబయట:
క్రికెట్ వార్త అయితే 'చేజేతులా వికెట్ పారేసుకున్నాడు'. పార్టీల గొడవైతే 'తన గొయ్యి తానే తవ్వుకుంది'. 'భస్మాసుర హస్తం' కూడా బాగుంటుంది.

పాతసంచిక:
భస్మాసుర హస్తం కుదరదండీ. చెయ్యి నెత్తిన పెట్టుకుంటే చస్తానన్న ధ్యాస వాడికి లేదు, మోహిని ఆడించింది. హరకిరి తెలిసి చేసేది.

క్రీజుబయట:
పత్రికల్లో 'రాజకీయ హరాకిరి' అని రాసేది తెలిసి చేసినవాళ్ల గురించా? తెలివితక్కువగా చేసినవాళ్ల గురించే కదా. వాడుకలో అర్థం మారిపోయింది.

మూలికావనం:
ప్రాయోపవేశం ఉండగా వేరే మాట ఎందుకు?

పాతసంచిక:
అది అన్నపానాలు మానేసి కూర్చోవడం. పరీక్షిత్తు చేసింది అది. దీనికి పెట్టకూడదు.

చిన్నక్షరం:
వాక్యం ఏదండీ?

తెల్లకాగితం:
'సంస్థ పరువు కాపాడటానికి అధ్యక్షుడి చేత హరాకిరి చేయించారు.' టోక్యో కంపెనీ మీద వ్యాసం. జపనీస్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది, నేను ఇంగ్లీషు నుంచి చేస్తున్నాను. జపాన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు అనుకున్నాను. చిక్కేమిటంటే రెండు పేరాల తర్వాత అదే మనిషి సలహాదారుగా వస్తున్నాడు! 'ఖర్చులకు సొంత పొట్ట కోసుకున్నాడు' అని ఇంకొకటి కూడా ఉంది.

చిన్నక్షరం:
ఆయన చావలేదు. మూలంలో ఉన్నది 'త్సుమెబర' అయ్యుండాలి. ఇష్టం లేకపోయినా నలుగురూ ఒత్తిడి చేసి కోయించే పొట్ట. ఇవాళ ఆ మాటకు తప్పు నెత్తిన వేసి పదవిలోంచి దింపడం అని అర్థం. ఇంగ్లీషు చేసినవాళ్లు మక్కికి మక్కి దించారు. 'అధ్యక్షుడి చేత బలవంతంగా రాజీనామా చేయించారు' అని రాయండి. తప్పు ఆయనది కాదని వ్యాసంలో ఉంటేనే 'బలిపశువును చేశారు' అనండి.

రెండోది 'జిబర ఒ కిరు'. జిబర అంటే సొంత పొట్ట. వేరేవాళ్లు పెట్టాల్సిన ఖర్చు తన జేబులోంచి పెట్టుకోవడం. 'చేతి డబ్బు పెట్టుకున్నాడు' చాలు. దండగైన ఖర్చయితే 'చేతి చమురు వదిలింది'. రెండుచోట్లా హరాకిరి అన్న మాటే రాకూడదు. వస్తే పాఠకుడు మీలాగే శవం కోసం వెతుకుతాడు.

పాతసంచిక:
చరిత్ర భాగం ఏమైనా ఉంటే అక్కడ మాత్రం సెప్పుకు అనే రాయండి. జనరల్ నోగి 1912లో మెయిజి చక్రవర్తి అంత్యక్రియల రోజున చేసుకున్నది సెప్పుకు. ప్రభువు వెంట పోవడం కాబట్టి దాన్ని జున్షి అని కూడా అంటారు. కొందరు వీటన్నిటినీ కామికాజెతో కలిపేస్తారు. కామికాజె శత్రువు ఓడ మీదికి విమానంతో దూకడం, 1944లో మొదలైంది. దానికి ఆత్మాహుతి దాడి అనే మాట సరిపోతుంది, దీనికి సరిపోదు.

క్రీజుబయట:
'సెప్పుకు' అని ఒంటరిగా రాస్తే 'చెప్పుకు'లో అచ్చుతప్పు అనుకుంటారు. ప్రూఫు చూసేవాళ్లు దిద్దేస్తారు కూడా. మొదటిసారి 'సెప్పుకు అనే ఆచారం' అని రాసి, ఆ తర్వాత విడిగా వాడాలి.

పాతసంచిక:
ఒప్పుకుంటాను. కానీ హరకిరిలో దీర్ఘం తీసేయాల్సిందే.

క్రీజుబయట:
యాభై ఏళ్లుగా హరాకిరి అని చదివిన కళ్లకు హరకిరి అంటే ఎలా ఆనుతుందండీ? కరాటేను 'కరతె' అని రాస్తున్నామా?

పాతసంచిక:
కరాటే సంగతి వేరు. అది ఊరూరా బోర్డుల మీదికి ఎక్కిన మాట.

తెల్లకాగితం:
రాజీనామా, చేతి డబ్బు పెట్టి పంపేశాను. థాంక్సండీ.

మూలికావనం:
ప్రాయోపవేశం గురించి ఇంకో సంగతి ఉంది, రాత్రికి రాస్తాను.