తలపాగాలు, టోపీలు: పాత ఫోటోల కాలాన్ని ఇవి చెప్పగలవా?

అలిపిరి వాసి (తిరుపతి):

మా ముత్తాతగారి పెట్టెలో దొరికిన రెండు చిత్రాల గురించి తెలిసినవారి అభిప్రాయం కోరుతున్నాను. మొదటిది మందపాటి అట్టకు అంటించిన గ్రూపు ఫోటో. పెంకుటి కచేరీ ముందు వేసిన కుర్చీలలో మధ్యన ఇద్దరు దొరలు కూర్చొని, తమ బెండు టోపీలను మోకాళ్ల మీద పెట్టుకున్నారు. వారికి ఇరువైపులా మెడ దాకా బొత్తాలున్న కోటు, ఉత్తరీయం, తలపాగా ధరించిన మనవారు ఉన్నారు. వెనుక వరుసలో, భుజం మీదుగా పట్టీ వేసుకొని ఇత్తడి బిళ్ళ ధరించిన బంట్రోతులు నిలబడ్డారు. ఒక చివర కుచ్చు టోపీ పెట్టుకున్న యువకుడు కనిపిస్తాడు. ఎడమ నుంచి మూడవ వ్యక్తి మా ముత్తాతగారని ఇంట్లో చెబుతారు.

రెండవది రంగుల పోస్టుకార్డు. యాత్రికుణ్ణి డోలీలో కూర్చోబెట్టి కొండకు మోసుకుపోతున్న బోయీల చిత్రం అది. కింద ఇంగ్లీషులో ‘తిరుపతి, నార్త్ ఆర్కాట్’ అని అచ్చు వేశారు. బోయీల తలగుడ్డలు ఒకటి ఎర్రగా, మరొకటి ఆకుపచ్చగా ఉన్నాయి. తలమీది వస్త్రాన్ని బట్టి ఈ చిత్రాల కాలాన్నీ, మా ముత్తాతగారి ఉద్యోగాన్నీ నిర్ణయించవచ్చా? దొరలిద్దరూ టోపీలు తీసి ఉండగా మనవారిలో ఒక్కరైనా పాగా ఎందుకు తీయలేదు?

పాత కచేరీ (చిత్తూరు):

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ఫోటోలో అన్నిటికంటే విలువైన సంగతి అదేనని నా నమ్మకం. పెద్దల ఎదుట తల మీద ఏమీ లేకుండా, బోడితలతో నిలబడటం ఆనాటి మనవారికి అమర్యాద. చెప్పులు విడిచి, పాగా సర్దుకొని లోపలికి వెళ్లడం పద్ధతి. ఇంగ్లీషువారికి గడప దాటగానే టోపీ తీయడం పద్ధతి. కనుక దొర టోపీ తీయడం, గుమాస్తా పాగా ఉంచుకోవడం రెండూ గౌరవ సూచకాలే. అదే గుమాస్తా గుడిలోకి వెళ్లేటప్పుడు పాగా తీసి ఉత్తరీయాన్ని నడుముకు చుట్టుకుంటాడు. అందువల్ల బోడితలతో కనిపించిన మనిషిని పేదవాడనో, తక్కువ ఉద్యోగి అనో అనుకోవడానికి లేదు. ముందు ఆ ఫోటో ఎక్కడ తీశారో చూడాలి. మన తిరుపతిలోనైతే తలనీలాలు ఇచ్చిన యాత్రికుల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గుండు మీద కప్పుకున్న గుడ్డను కులాచారంగానో వృత్తి చిహ్నంగానో వర్ణించడం నన్ను చాలా బాధపెడుతుంది.

ఇక ఉద్యోగం విషయానికి వస్తే, బిళ్ళ పట్టీ బంట్రోతును ఖచ్చితంగా చూపిస్తుంది గాని, పాగా మాత్రం మీ ముత్తాతగారు గుమాస్తానా, తాసిల్దారా, వకీలా అన్నది చెప్పదు. ఆయన కుర్చీ దొరల కుర్చీలకు ఎంత దగ్గరగా ఉందన్నది అంతకంటే మంచి ఆధారం.

కాలాన్ని కూడా పాగా ఒక్కటే తేల్చలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని చూడండి. 1888లో, ఆనాడు మన ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉన్న తిరుత్తణిలో పుట్టి, తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారు. చదువుకున్నవారిలో చాలామంది పాగా మానేసిన తరువాత కూడా, 1962లో రాష్ట్రపతి అయినప్పుడు ఆయన తల మీద తెల్లని తలపాగా ఉంది. ఒకరి అలవాటు ఒక తరం ఫ్యాషన్ కంటే ఎక్కువ కాలం నిలవగలదు.

చీకటిగది (మదనపల్లె):

పోస్టుకార్డు మీది రంగులను నమ్మవద్దని మనవి. ఆ రోజుల్లో భారతదేశపు చిత్రాల కార్డులు చాలా వరకు జర్మనీలో అచ్చయి వచ్చేవి. ఇక్కడ తీసిన నలుపు తెలుపు ఫోటోకు, ఈ ఊరిని ఎన్నడూ చూడని పనివారు అక్కడ రంగులు అద్దేవారు. బోయీల తలగుడ్డలు నిజానికి మాసిన తెల్లగుడ్డలే అయి ఉండవచ్చు. భూతద్దంతో చూస్తే రంగు అంచు దాటి చెవి మీదికో, కొండ మీదికో పాకి ఉండటం చాలా కార్డుల్లో కనిపిస్తుంది.

నలుపు తెలుపు ఫోటో కూడా రంగుల విషయంలో మోసం చేస్తుంది. ఫిల్ము బదులు కెమెరాలో వాడిన పాత గాజు పలకల మీది రసాయనానికి నీలి వెలుతురు బాగా అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. అందువల్ల ఎర్రని పాగా నల్లగా, లేత నీలం పాగా తెల్లగా వస్తాయి. ఎరుపును కూడా గ్రహించే పలకలు 1906 ప్రాంతంలో అమ్మకానికి వచ్చినా, అన్ని స్టూడియోలూ వెంటనే వాటికి మారలేదు. మీ ఫోటోలోని యువకుడి కుచ్చు టోపీ నల్లగా కనిపిస్తుంటే, అది ముదురు ఎరుపుది అయ్యే అవకాశమే ఎక్కువ.

రంగును వదిలి నేతనూ మడతనూ చూడండి. చేత్తో చుట్టుకున్న పాగాలో మడతలు ఎగుడుదిగుడుగా ఉండి, కొస ఎక్కడో దోపినట్టు తెలుస్తుంది. ముందే చుట్టి కుట్టి ఉంచిన పాగాలో మడతలు సమానంగా ఉండి, టోపీలాగా నుదుటి మీద కూర్చుంటాయి. కచేరీకి రోజూ వెళ్లేవారు ఇలాంటివి కూడా వాడేవారు.

తపాలా బిళ్ళ (పుత్తూరు):

కార్డు కాలం దాని వెనుకవైపు ఉంటుంది. వెనుకభాగం అంతా చిరునామాకే కేటాయించి, ఉత్తరం బొమ్మ పక్కన ఇరికించి రాసి ఉంటే అది తొలి కార్డు. మధ్యలో గీత గీసి సగం ఉత్తరానికి, సగం చిరునామాకు ఇవ్వడం బ్రిటన్‌లో 1902లో మొదలైంది. తరువాతి కొన్నేళ్లలో ఇతర దేశాలూ అదే పద్ధతికి వచ్చాయి. తపాలా బిళ్ళ మీద బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డు ఉన్నాడా, ఆయన తరువాతి రాజు అయిదవ జార్జి ఉన్నాడా చూడండి. పోస్టుకార్డు ధర 1922 దాకా కాలణా, ఆ తరువాత అర్ధణా అయింది.

‘నార్త్ ఆర్కాట్’ అన్న మాట కూడా ఉపయోగపడుతుంది, ఎందుకంటే తిరుపతిని ఉత్తర ఆర్కాటు నుంచి విడదీసి కలుపుకున్న చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అయితే పాత అచ్చు కార్డులు దుకాణాల్లో ఏళ్ల తరబడి అమ్ముడయ్యేవి కనుక, ఆ మాటను బట్టి ఫోటో తీసిన కాలాన్నే ఊహించాలి గాని కార్డు పోస్టు చేసిన కాలాన్ని కాదు. తపాలా ముద్ర ఈ రెండవదాన్ని మాత్రమే చెబుతుంది. డోలీ ఉన్నంత మాత్రాన మరీ పాతదని కూడా అనలేము. మొదటి ఘాట్ రోడ్డు వచ్చింది 1944లోనే కదా.

గ్రూపు ఫోటోలో గాంధీ టోపీ లేదు కనుక 1920కి ముందుదని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. అది సహాయ నిరాకరణ రోజుల్లో ప్రభుత్వ ధిక్కారానికి గుర్తు. సర్కారు ఉద్యోగి దాన్ని దొర పక్కన పెట్టుకొని ఫోటో దిగడు. బెండు టోపీ ఉన్నవారంతా దొరలని కూడా అనుకోవద్దు. జీలుగు బెండుతో చేసే ఆ తేలికైన టోపీని రానురాను మన అధికారులు కూడా ధరించారు.

అలిపిరి వాసి (తిరుపతి):

అందరికీ కృతజ్ఞతలు. కార్డు వెనుక గీత లేదు, బిళ్ళ మీద ఎడ్వర్డు ఉన్నాడు. గ్రూపు ఫోటోలో మా ముత్తాతగారి పాగా మడతలు సమానంగా ఉన్నాయి, పాదాలకు చెప్పులు లేవు. ఆయన కుర్చీకీ దొర కుర్చీకీ మధ్య ఒక్కరే ఉన్నారు. స్టూడియో పేరు ఫోటో వెనుక ఉందేమోనని ఫోటోను అట్ట నుంచి తీయాలనుకుంటున్నాను. తీయవచ్చా?

చీకటిగది (మదనపల్లె):

దయచేసి తీయవద్దు. పాత కాగితం పలుచగా ఉండి అట్టతో పాటే చిరిగిపోతుంది. స్టూడియో పేరు సాధారణంగా అట్ట కింది అంచున గాని, అట్ట వెనుక గాని అచ్చు వేసి ఉంటుంది, దానికి ఫోటోను కదిలించనక్కరలేదు. సిరా లేని అచ్చొత్తు ముద్ర అయితే దీపాన్ని ఒక పక్క నుంచి ఏటవాలుగా వేసి చూడండి, అక్షరాలు తేలి కనిపిస్తాయి. ఆ తరువాత రెండు వైపులా ఎక్కువ వివరంతో స్కాన్ చేసి, ముందు వరుస పాదాలూ తలపాగాలూ విడిగా ఇక్కడ పెట్టండి.