అప్‌డేట్: దేవరకు మావాడికి బీరు పోయనీలేదు

ఊరి దేవరకు, అంటే జాతరకు, పదిహేడేళ్ల మావాడికి ఒక గ్లాసు బీరు ఇవ్వచ్చా అని మిమ్మల్ని అడిగాను కదా. "మన కళ్ల ముందర తాగితే బయట చెడిపోడు లేప్పా" అన్నది మా చిన్నాయన మాట.

పోయనీలేదు. మన రాష్ట్రంలో చట్టం 21 ఏళ్లంటుంది, సరే. నన్ను కదిలించింది మాత్రం మీలో ఒకరు చెప్పిన ఆస్ట్రేలియా అధ్యయనం. ఆరేళ్లు టీనేజర్లను గమనించి 2018లో ప్రచురించారు. అమ్మానాన్నలే మందు ఇచ్చిన పిల్లలకు దానివల్ల రక్షణేమీ కనబడలేదు. పైగా వాళ్లు బయట కూడా సంపాదించుకుని తాగే అవకాశం పెరిగింది.

చిన్నాయన అలిగి పొట్టేలు కూర ముట్టలేదు. సర్దుకుంటాడు.

"అనంతపురం హాస్టల్లో ఫ్రెండ్స్ బలవంతం చేస్తే ఏం చేయాల నాన్నా?" అని మావాడే అడిగాడు. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, తిట్టను, బండేసుకొని వస్తా అన్నాను.