పోలీసు శాఖలో క్యాథలిక్ సోదర సంఘం: ఉండొచ్చా? ఉంటే గీత ఎక్కడ గీయాలి?

ఐదో_అవెన్యూ:
న్యూయార్క్ పోలీసు శాఖలోని హోలీ నేమ్ సొసైటీ గురించి ఈ చర్చ. క్యాథలిక్ అధికారుల సోదర సంఘం ఇది. సెయింట్ పాట్రిక్స్ కథెడ్రల్‌లో దివ్యపూజ, ఆ తర్వాత పెద్ద హోటల్లో కమ్యూనియన్ బ్రేక్‌ఫాస్ట్, ఇవి దశాబ్దాలపాటు నడిచిన ఆనవాయితీ. పూజ మీద నాకు పేచీ లేదు. బ్రేక్‌ఫాస్ట్ మీదే ఉంది.

1954 ఏప్రిల్ 4న అక్కడ మాట్లాడింది కమ్యూనిస్టుల వేటతో పేరుమోసిన సెనేటర్ జోసెఫ్ మెకార్థీ. ఎదురుగా దాదాపు 6,000 మంది పోలీసులు. న్యూయార్క్ ఆర్చ్‌బిషప్ కార్డినల్ స్పెల్‌మన్ వచ్చి ఆయనతో చేయి కలిపారు. సైన్యానికీ మెకార్థీకీ మధ్య తగాదాపై సెనేట్ విచారణలు ఆ నెల 22న మొదలయ్యాయి. అంటే దేశమంతా రెండుగా చీలి ఉన్న సమయంలో, నగర పోలీసు బలగం ఒక పక్షాన నిలబడినట్టు కనిపించింది. 1965 ఏప్రిల్ 4న అదే సభలో సంప్రదాయవాద రచయిత విలియం బక్లీ మాట్లాడారు. అలబామా రాష్ట్రంలోని సెల్మాలో నల్లజాతి ప్రదర్శకుల మీద పోలీసు లాఠీలు విరిగి నెల కూడా కాలేదు. ఆయన మాటల మీద నగరంలో దుమారం రేగింది. ఆ శరదృతువులో ఆయనే మేయర్ పదవికి పోటీ చేశారు. ఒక మతానికి చెందిన పోలీసులు ఒకచోట చేరితే, ఆ వేదికను రాజకీయ నాయకులు వాడుకోకుండా ఎవరు ఆపగలరు? సంఘానికి శాఖ ఇచ్చిన గుర్తింపును రద్దు చేయడమే దారి అంటాను.

విచారణ_పెద్ద:
ముందు సంఘం ఏమిటో చెప్పనివ్వండి. హోలీ నేమ్ సంప్రదాయం పోలీసులు పెట్టింది కాదు. 1274లో రెండో లియోన్ మహాసభ తర్వాత పోప్ పదో గ్రెగొరీ డొమినికన్ సన్యాస సభ గురువులకు అప్పగించిన పని అది. యేసు నామాన్ని గౌరవించాలి, తిట్లకూ ఒట్లకూ ఆ నామాన్ని వాడకూడదు. పురుషుల సంఘంగా విచారణల్లో, అంటే స్థానిక చర్చి పరిధుల్లో, పాతుకుపోయింది. నెలలో రెండో ఆదివారం అందరూ కలిసి సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం, కమ్యూనియన్) తీసుకోవడం నియమం.

బ్రేక్‌ఫాస్ట్ కూడా అందులోంచే వచ్చింది. అప్పట్లో సత్ప్రసాదానికి అర్ధరాత్రి నుంచి ఉపవాసం. 1957లో దాన్ని మూడు గంటలకు, 1964లో గంటకు తగ్గించారు. పూజ అయ్యేసరికి అందరూ ఆకలితో ఉంటారు, కలిసి తింటారు, తిన్నాక ఎవరో ఒకరు నాలుగు మాటలు చెబుతారు. రాజకీయం చొరబడింది ఆ నాలుగు మాటల దగ్గరే. అక్కడ తలుపు వేయండి, ఇల్లు కూల్చొద్దు.

ఇంకోటి. మెకార్థీ సభ జరిగిన ఐదు రోజులకే, ఏప్రిల్ 9న, షికాగో సహాయ బిషప్ బెర్నార్డ్ షీల్ కార్ల పరిశ్రమ కార్మికుల సంఘం సమావేశంలో మెకార్థీని బహిరంగంగా ఖండించారు. క్యాథలిక్కులంతా ఒకే గొంతు అనుకోవడం అన్యాయం.

సివిల్_లిస్ట్:
మీ ఇద్దరూ వేదిక దగ్గరే ఆగారు. పదోన్నతుల సంగతి చూడండి. న్యూయార్క్‌లో సార్జెంట్, లెఫ్టినెంట్, కెప్టెన్ హోదాలకు సివిల్ సర్వీస్ పరీక్ష ఉంది. మార్కులతో జాబితా వస్తుంది. సంఘం పరిచయాలు అక్కడ పెద్దగా పారవు. కెప్టెన్ దాటాక, డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ నుంచి పైకి, పరీక్ష లేదు. కమిషనర్ విచక్షణే. డిటెక్టివ్‌లలోనూ అంతే. దర్యాప్తు విధుల్లో 18 నెలలు పనిచేస్తే డిటెక్టివ్ హోదా వస్తుంది కానీ, థర్డ్ గ్రేడ్ నుంచి సెకండ్, ఫస్ట్ గ్రేడ్‌లకు పోవాలంటే ఎవరో పేరు పైకి పంపాలి. పరీక్ష ఆగిపోయిన చోటే పలుకుబడి మొదలవుతుంది.

అయితే అందుకు హోలీ నేమ్ ఒక్కదాన్నే తప్పుపట్టడం సరికాదు. యూదు అధికారులకు 1924 నుంచి షోమ్రిమ్ ఉంది, ఐరిష్ వాళ్లకు 1953లో ఎమరాల్డ్ సొసైటీ వచ్చింది. నల్లజాతి అధికారుల గార్డియన్స్ అసోసియేషన్ పుట్టిందే వివక్షను ఎదుర్కోవడానికి. గుర్తింపు రద్దు చేస్తే అందరిదీ చేయాలి. అప్పుడు ముందు నష్టపోయేది సంఖ్యలో తక్కువున్న వాళ్లే. పై హోదాల్లో తమవాళ్లున్న వాళ్లకు సంఘం లేకపోయినా పని జరిగిపోతుంది.

సెక్షన్_3:
మన చట్టంలో ఈ గీత ఎప్పుడో గీశారు. రాజ్యాంగం 33వ అధికరణం కింద వచ్చిన 1966 పోలీసు బలగాల (హక్కుల పరిమితి) చట్టం చూడండి. సెక్షన్ 3 ప్రకారం, అనుమతి లేకుండా కార్మిక సంఘంలో చేరకూడదు. ఇతర సంఘాల్లో, బలగంలో భాగంగా గుర్తింపు లేనివాటిలో, లేదా పూర్తిగా సామాజిక, వినోద, మత స్వభావం కానివాటిలో చేరకూడదు. ఒక సంఘం అలాంటిదా కాదా అన్న ప్రశ్న వస్తే కేంద్ర ప్రభుత్వ నిర్ణయమే తుది. అదే సెక్షన్ రెండో ఉపవిభాగం రాజకీయ ప్రయోజనాల కోసం పెట్టే సమావేశాల్లో పాల్గొనడాన్నీ, మాట్లాడటాన్నీ నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇక్కడ కీలకం 'పూర్తిగా' అన్న షరతు. విజయవాడలోనో సికింద్రాబాద్‌లోనో క్యాథలిక్ కానిస్టేబుళ్లు పోలీసుల పాలక పునీతుడు మిఖాయేలు పండుగనాడు, సెప్టెంబర్ 29న, పూజకు చేరితే మత స్వభావమే. అదే సభకు ఎన్నికల అభ్యర్థి వచ్చి మైకు పట్టుకుంటే 'పూర్తిగా' అన్నది నిలవదు. న్యూయార్క్‌లో లేనిది ఈ షరతే.

ఐదో_అవెన్యూ:
బాగా చెప్పారు, కానీ మన దగ్గర అమలు సంగతి? దసరాకు పోలీసు హెడ్‌క్వార్టర్స్‌లోనే ఆయుధ పూజ జరుగుతుంది కదా.

సెక్షన్_3:
అది వేరే ప్రశ్న అండీ, ఇంతకంటే పెద్దది కూడా. ఆయుధ పూజను శాఖే నిర్వహిస్తుంది. హోలీ నేమ్‌లో ఇష్టమున్నవాళ్లు చేరతారు. రాజ్యం పూజ చేయొచ్చా అన్నది ఒకటి, ఉద్యోగి సెలవు రోజున ఏ గుడికి పోవచ్చు అన్నది మరొకటి. రెండింటినీ కలిపితే క్యాథలిక్ కానిస్టేబుల్‌కు అన్యాయం జరుగుతుంది.

నమోదు_మేలు:
నిషేధం, స్వేచ్ఛ కాకుండా మూడో దారి ఉత్తర ఐర్లండ్‌లో ఉంది. 1999 ప్యాటెన్ నివేదిక నాటికి అక్కడి బలగంలో క్యాథలిక్కులు సుమారు 8 శాతమే. 2000 పోలీసు చట్టం 51వ సెక్షన్ కింద కొన్ని సంఘాల సభ్యత్వాన్ని చీఫ్ కానిస్టేబుల్‌కు తెలియజేయాలి. ప్రొటెస్టెంట్ల ఆరెంజ్ ఆర్డర్, ఫ్రీమేసన్లు అనే సోదర సంఘంతోపాటు క్యాథలిక్ వైపు నుంచి ఏన్షెంట్ ఆర్డర్ ఆఫ్ హైబర్నియన్స్, నైట్స్ ఆఫ్ సెయింట్ కొలంబానస్, ఓపస్ దేయి ఆ జాబితాలో ఉన్నాయి. చేరొద్దని ఎవరూ అనలేదు, చెప్పమన్నారంతే. న్యూయార్క్‌లో పదోన్నతికి సిఫారసు చేసేవాళ్ల వరకు ఇది పెట్టినా సివిల్ లిస్ట్ గారి భయం సగం తీరుతుంది.

విచారణ_పెద్ద:
నమోదుకు ఒప్పుకుంటాను, రెండు షరతుల మీద. ఆ జాబితా స్టేషన్ కమాండర్ల చేతికి పోకూడదు. పోతే ఎవరిది ఏ మతమో చూసి డ్యూటీలు వేసే ప్రమాదం ఉంది. రెండోది, అన్ని సంఘాలకూ ఒకే నియమం.

ఇక సంఘం తన నియమావళిలోనే రాసుకోవాల్సినవి. ఏ ఎన్నికలోనైనా అభ్యర్థిగా ఉన్నవాళ్లను, పదవిలో ఉన్న నాయకులను బ్రేక్‌ఫాస్ట్ వక్తలుగా పిలవకూడదు. ప్రసంగం ఉంటే యూనిఫాం వద్దు. యూనిఫాం కథెడ్రల్ దాకానే. సంఘం లెటర్‌హెడ్ మీద పదోన్నతి సిఫారసు పోకూడదు. మరణించిన అధికారుల కుటుంబాలకిచ్చే నిధికి వేరే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు. విందు డబ్బూ నిధి డబ్బూ ఒకే ఖాతాలో కలిస్తే లెక్క అడిగిన రోజున తేల్చడం కష్టం, చందాలిచ్చినవాళ్ల నమ్మకమూ పోతుంది.

సివిల్_లిస్ట్:
వక్తల నియమానికి అమెరికా పన్ను చట్టం కూడా తోడవుతుంది. 501(సి)(3) కింద పన్ను మినహాయింపు పొందిన సంస్థ ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారంలో పాలుపంచుకోకూడదు. సంఘం ఆ కోవలో ఉంటే మినహాయింపే పోవచ్చు. అందుకే ఆహ్వానం పంపేముందు కోశాధికారి సంతకం కూడా ఉండాలని రాయండి. చాప్లిన్ (సంఘం గురువు) ఒక్కరి నిర్ణయానికి వదలొద్దు.

ఐదో_అవెన్యూ:
గుర్తింపు రద్దు అన్న మాట వెనక్కి తీసుకోను కానీ, సవరిస్తాను. ఈ నియమాలు సంఘం రాసుకుంటే చాలదు. గుర్తింపుకు షరతుగా శాఖే పెట్టాలి, మొదటి ఉల్లంఘనకే ఆ ఏడాది యూనిఫాంలో పూజకు రావడం ఆపాలి. దీనికి ఒప్పుకుంటారా, విచారణ పెద్ద గారూ?

విచారణ_పెద్ద:
పూజను శిక్షలోకి లాగొద్దండీ. బ్రేక్‌ఫాస్ట్ ఆపించండి, ఒప్పుకుంటాను.