ఎమిలియా ‘నాకు తెలియదమ్మా’ అన్నప్పుడు

సభ్యులందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో మన బృందం చదువుకొంటున్న షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాటకం మూడో అంకం నాలుగో రంగంలో ఎమిలియా చెప్పే చిన్న సమాధానాన్ని తెలుగులో ‘నాకు తెలియదమ్మా’ అని రాయాలా, ‘నేనెరగనమ్మా’ అని రాయాలా అని ఒక సోదరి ఇక్కడ అడిగారు. రెండింటికీ అర్థం ఒకటే కనుక చెవికి ఇంపైనది ఉంచుకోవచ్చునని ఒకరిద్దరు పెద్దలు సమాధానమిచ్చారు. వారిపట్ల గౌరవంతోనే నా భిన్నాభిప్రాయం రాస్తున్నాను. ఆ పాత్ర మంచిచెడ్డలన్నీ ఆ ఒక్క జవాబు దగ్గరే ముడిపడి ఉన్నాయి.

భర్త ఒథెల్లో ఇచ్చిన చేతిరుమాలు ఎక్కడ పోయి ఉంటుందని డెస్డిమోనా తన పరిచారిక ఎమిలియాను అడుగుతుంది. తెలియదంటుంది ఎమిలియా. అంతకు ముందు రంగంలో ఆ రుమాలు కింద పడినప్పుడు తీసుకొన్నది ఆమే, భర్త ఇయాగో చేతిలో పెట్టినదీ ఆమే. అది ఒథెల్లో ఇచ్చిన తొలి కానుక అనీ, డెస్డిమోనా దాన్ని ముద్దాడుతూ, దానితో మాట్లాడుతూ ఎప్పుడూ తన దగ్గరే ఉంచుకొంటుందనీ మనకు చెప్పేది కూడా ఆమే. పెద్ద అవసరమేదీ లేకపోతే తిరిగి ఇచ్చేయమని, అది కనబడకపోతే ఆ అమ్మకు పిచ్చెత్తిపోతుందని భర్తతో అంటుంది. కాబట్టి ఆ పోగొట్టుకోవడంలోని బాధ ఎంతటిదో ఎరిగి ఉండీ ఆమె ఆ జవాబు చెప్పింది.

అయితే ఆమె ‘తెలియదు’ అనడం అదే మొదటిసారి కాదు. రుమాలు చేతికి చిక్కిన క్షణంలో, దానితో ఆయన ఏం చేస్తాడో దైవానికే తెలుసు, నాకు తెలియదు, ఆయన ముచ్చట తీర్చడమే నా వంతు అన్న అర్థం వచ్చేలా తనలో తాను అనుకొంటుంది. ఆ మాట నిజమే. ఆ రుమాలు సాయంతో ఒథెల్లోకు భార్యమీద అనుమానం పుట్టించాలన్న భర్త పన్నాగం ఆమెకు నిజంగానే తెలియదు. కానీ అడిగి తెలుసుకోకుండా ఊరుకోవడం కూడా ఆ మాటలోనే ఉంది. మన భాషలో ‘నాకు తెలియదు’ అన్న వాక్యానికి ‘నేను’ కర్త కాదు; తెలియడమనేది మనిషికి దానంతట అది జరగవలసిన సంగతి అయినట్టు, జరగకపోతే మన పూచీ ఏమీ లేనట్టు వినిపిస్తుంది. భర్త అనుమానాల మధ్య, అతడి ఎత్తిపొడుపుల మధ్య కాపురం చేస్తున్న ఆ ఇల్లాలికి అటువంటి వాక్యం చాలా అవసరం. ‘నేనెరగను’ అన్నప్పుడు మాత్రం ‘నేను’ మాట వెనుక నిలబడి ఉంటుంది. రెండో సందర్భంలో ఆమె ఆడినది అబద్ధం, ఎదుట ఉన్నది తాను ప్రేమించే మనిషి. అక్కడ నిలబడవలసింది ఆ ‘నేను’.

షేక్‌స్పియర్‌కు మూలమైన ఇటాలియన్ కథను చింతియో 1565లో ప్రచురించాడు. అందులో రుమాలు దొంగిలించేవాడు ఇయాగో పాత్రకు మూలమైన సైనికోద్యోగే; అతడి భార్యకు కుట్ర అంతా తెలిసినా భర్త భయంతో నోరు మెదపదు. నాటకకర్త దీన్ని తిరగవేశాడు: కుట్ర సంగతి ఆమెకు తెలియనివ్వలేదు, రుమాలు మాత్రం ఆమె చేతికి ఇచ్చాడు. అందువల్ల ఎమిలియా దోషి అని తేల్చడమూ కష్టమే, అమాయకురాలని వదిలేయడమూ కష్టమే.

మనవాళ్లకు ఇక్కడ ధర్మరాజు ‘అశ్వత్థామ హతః కుంజరః’ గుర్తుకు రావడం సహజం. ఆయన మాటలో సగం నిజమైనా ఉంది. ఎమిలియా మాటలో ఆ సగమూ లేదు. అంతకంటే నన్ను బాధపెట్టేది ఆ తరువాతి మౌనం. ఒథెల్లో వచ్చి రుమాలు ఏదని మళ్లీ మళ్లీ గద్దిస్తూ ఉంటే ఆమె అక్కడే ఉండి వింటుంది. అతడు వెళ్లిపోయాక, ఈ మనిషికి అసూయ లేదంటారా అని అడుగుతుందే తప్ప రుమాలు సంగతి చెప్పదు.

చివరి అంకంలో పరిస్థితి తలకిందులవుతుంది. ఇయాగో రేపిన అనుమానంతో ఒథెల్లో తన భార్యకు ఊపిరాడనీయకుండా చేస్తాడు. ఈ పని ఎవరు చేశారని ఎమిలియా అడిగితే, ప్రాణం పోతున్న డెస్డిమోనా ‘ఎవరూ కాదు, నేనే’ అంటుంది. భర్తను కాపాడడానికి ఒకరు ఆడిన అబద్ధంతో మొదలైన విపత్తు, భర్తను కాపాడడానికి మరొకరు ఆడిన అబద్ధం దాకా వచ్చింది. తాను చంపలేదని ఆమే చెప్పింది కదా అని ఒథెల్లో అన్నప్పుడు, అవును, అలాగే చెప్పింది, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా విధి అంటుంది ఎమిలియా. ఆ నాలుకేనా ఇది అనిపిస్తుంది. తరువాత, నీ భర్తకు అంతా తెలుసు అని ఒథెల్లో అంటే, ‘నా భర్తా?’ అని ఒకసారి కాదు, పదే పదే అడుగుతుంది. తెలుసుకోకుండా ఉండగలిగిన కాలం ఆమెకు అక్కడ తీరిపోయింది. భర్త ఇంటికి పొమ్మంటే, ఆయనకు లోబడడం ధర్మమే, కానీ ఇప్పుడు కాదు అంటుంది. రుమాలు తనకు దొరికిందనీ, భర్తకు తానే ఇచ్చాననీ అందరి ముందూ చెప్పి, అతడి కత్తికే బలి అవుతుంది.

ఆమె ఒప్పుకోలులో ఒక వెలితి ఉంది. దొరికింది, ఇచ్చాను అంటుంది. అమ్మ అడిగినప్పుడు తెలియదన్నాను అని మాత్రం ఎక్కడా అనదు. ఆ వెలితిని కవి కావాలనే ఉంచాడని నా నమ్మకం. ఇంతటి ధైర్యవంతురాలు కూడా బయటపెట్టలేని మాట అది.

కనుక సోదరి గారికి నా సూచన ఇది. తనలో తాను అనుకొనే చోట ‘నాకు తెలియదు’ ఉంచండి. డెస్డిమోనాకు జవాబిచ్చే చోట ‘నేనెరగనమ్మా’ అనిపించండి. ఆ రూపం పాతబడిందన్న అభ్యంతరం నాకు సరిగా తోచడం లేదు. గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్ల నోట అది ఇప్పటికీ వినబడుతూనే ఉంది, ప్రేక్షకులకు వివరించి చెప్పనక్కరలేదు.